ఓడిపోయే జట్టులో మొనగాళ్ళు

అమెరికాలో ఉంటూ బేస్‌బాల్ గురించి తెలుగులో పోట్లాడుకునేవాళ్ళు తక్కువే. నాకు తెలిసిన ఇద్దరు వరసకు బావా బావమరుదులు. సూర్యం 1980లలో శాన్ డియేగో వచ్చి ఇక్కడే ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఊరి జట్టు పాడ్రేస్ అంటే ప్రాణం. రామారావు గుంటూరు మనిషి, రైల్వేలో ఆడిట్ చేసి దిగిపోయాడు. ఏటా కూతురి దగ్గరికి వచ్చి మూడు నెలలుంటాడు. ఆట కన్నా స్కోరు పట్టికలంటే ఇష్టం ఈయనకి. లెక్క కనబడితే చాలు, తప్పు వెతుకుతాడు.

వాళ్ళ వాదన పాడ్రేస్ తొలి రోజుల మీద. 1969లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన ఈ జట్టు ఆ ఏడు 52 గెలిచి 110 ఓడింది. వరుసగా ఆరేళ్ళు తన విభాగంలో అట్టడుగునే ఉండిపోయింది. గెలుపులు ఓటముల కన్నా ఎక్కువగా ఉన్న మొదటి సీజన్ 1978. ఆ చీకటి రోజుల్లో మెరిసిన ఆటగాళ్ళు కొందరున్నారు. వాళ్ళు నిజంగా గొప్పవాళ్ళా, పక్కన ఎవరూ లేకపోవడం వల్ల గొప్పగా కనబడ్డారా అన్నది తగువు. నేను మధ్యలో పెద్దగా కల్పించుకోలేదు. అక్కడక్కడ ఆగలేక అన్నవి బ్రాకెట్లలో పెట్టాను.

రామారావు: బావా, నీ నేట్ కోల్బర్ట్‌ని మోసింది చాలు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. వంద ఆటలు ఓడిపోయే జట్టులో ఒకడు నాలుగు బంతులు బయటికి కొడితే మీ ఊరివాళ్ళు గుడి కట్టేస్తారు.

సూర్యం: నాలుగు కాదు, 163. ఆరు సీజన్లలో పాడ్రేస్ తరఫున అన్ని హోమ్ రన్లు కొట్టాడు. వాటిని మా పిల్లల బంతుల మీద కొట్టలేదు. అవతల బంతి వేసింది టామ్ సీవర్, బాబ్ గిబ్సన్ లాంటివాళ్ళు. జట్టు చెడ్డదైతే ప్రత్యర్థి కూడా చెడ్డవాడవుతాడా? లీగ్ అందరికీ ఒకటే.

రామారావు: సరే, లెక్కలోకే వద్దాం. 1972లో పాడ్రేస్ చేసిన పరుగులు 488. అందులో 111 కోల్బర్ట్ బ్యాటు వల్ల వచ్చినవని మీరంతా చెబుతారు. దగ్గర దగ్గర 23 శాతం. చూడ్డానికి ఎంతో ఘనంగా ఉంటుంది. నేను ముప్ఫై ఏళ్ళు శాతాలు చూసినవాణ్ణి. శాతం పెరగాలంటే పైనున్న అంకె పెరగాలి, లేదా కిందున్న అంకె తగ్గాలి. ఇక్కడ జరిగింది రెండోది. 153 ఆటల్లో 488 అంటే ఆటకి మూడు చిల్లర. కిందది అంత బక్కగా ఉంటే పైన ఎవడున్నా బలంగానే కనబడతాడు.

సూర్యం: 153 ఆటలు ఎందుకయ్యాయో కూడా చెప్పు.

రామారావు: ఆ ఏడు ఆటగాళ్ళు సమ్మె చేశారు, సీజన్ కుదించారు. అందరికీ కుదించారుగా! అదే ఏడు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పరుగులు రప్పించినవాడు సిన్సినాటి రెడ్స్ జానీ బెంచ్, 125. ఆయన జట్టు 700 పైచిలుకు చేసింది. ఆయన వాటా 18 శాతం లోపే. అంతమాత్రాన కోల్బర్ట్ బెంచ్ కన్నా గొప్పవాడా?

సూర్యం: అలా నేననలేదు. నువ్వే ఎత్తావు గనక అదే పేరు పట్టుకుందాం. కోల్బర్ట్ ఆ ఏడు 38 హోమ్ రన్లు కొట్టాడు, అంటే తనని తాను 38 సార్లు ఇంటికి రప్పించుకున్నాడు. 111లో అవి తీసెయ్. ఎంత?

రామారావు: 73.

సూర్యం: బేసుల మీద నిలబడ్డ మిగతావాళ్ళని 73 సార్లు రప్పించాడన్న మాట. బెంచ్‌కి 40 హోమ్ రన్లు. 125లో 40 పోతే 85. బెంచ్ ముందు బ్యాటింగ్‌కి ఎవరొచ్చేవారు? పీట్ రోజ్, జో మోర్గన్. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు బేస్ మీద ఉండేవారు. ఆ ఏడు లీగ్ గెలిచిన జట్టది. కోల్బర్ట్ ముందు ఎవరున్నారో చెప్పు.

రామారావు: నాకెలా తెలుస్తుంది?

సూర్యం: ఎవరికీ తెలియదు, అదే నేను చెప్పేది! రోజ్, మోర్గన్ ముందుంటే 85. ఊరూ పేరూ లేనివాళ్ళు ముందుంటే 73. తేడా పన్నెండు. నీ కిందున్న అంకె బక్కగా ఉండటం వల్ల పైది పెద్దదిగా కనబడలేదు బావా. కిందది బక్కగా ఉండబట్టే పైది పెరగాల్సినంత పెరగలేదు. బేస్ మీద మనిషే లేకపోతే ఎవణ్ణి రప్పిస్తాడు?

(ఈ దెబ్బకి రామారావు కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడిట్ వాళ్ళకి అది ఒక రకం అంగీకారం.)

రామారావు: ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ 1970లో ఆ మహానుభావుడు 150 సార్లు స్ట్రైక్ ఔట్ అయ్యాడు. అది ఎవరి ఖాతాలో రాద్దాం?

సూర్యం: ఆయన ఖాతాలోనే రాయి, దాచమని ఎవరన్నారు? 1972లో సగటు కూడా 250 దగ్గరే. కొడితే కొట్టేవాడు, లేకపోతే లేదు. కానీ కొట్టిన రోజు చూడు. 1972 ఆగస్టు 1, అట్లాంటా. ఒకే రోజు రెండు ఆటలు. మొదటి ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగుల హోమ్ రన్. తర్వాత ఇంకొకటి. ఆ ఆట 9-0తో గెలిచారు. రెండో ఆటలో మళ్ళీ మూడు, అందులో ఒకటి మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన గ్రాండ్ స్లామ్. అదీ 11-7తో గెలుపే. మొత్తం రెండు ఆటల్లో అయిదు హోమ్ రన్లు, 13 పరుగులు. ఒకే రోజు రెండు ఆటల్లో అయిదు కొట్టినవాళ్ళు మేజర్ లీగ్ చరిత్రలో ఇద్దరే. ఒకరు కోల్బర్ట్. ఇంకొకరు సెయింట్ లూయిస్ స్టాన్ మ్యూజియల్, 1954 మే 2న. ఆ రోజు ఆ స్టేడియంలో కూర్చుని చూస్తున్న పిల్లల్లో ఎనిమిదేళ్ళ నేట్ కోల్బర్ట్ ఒకడు. వాళ్ళది ఆ ఊరే.

రామారావు: ఇది బాగుంది. సినిమావాళ్ళు రాస్తే నమ్మం.

సూర్యం: ఇంకోటి విను. దానికి సరిగ్గా వారం ముందు అదే అట్లాంటా స్టేడియంలో రెండు లీగుల మేటి ఆటగాళ్ళు తలపడే ఆల్ స్టార్ ఆట. పదో ఇన్నింగ్స్‌లో కోల్బర్ట్‌ని మధ్యలో బ్యాటింగ్‌కి పంపారు. నాలుగు తప్పు బంతులు వదిలేసి ఊరికే బేస్ సంపాదించాడు. తర్వాతివాడు బంటు చేసి ఇతన్ని రెండో బేస్‌కి జరిపాడు. జో మోర్గన్ కొట్టిన దెబ్బకి ఇంటికి పరిగెత్తాడు. పాడ్రేస్ ఉన్న నేషనల్ లీగ్ గెలిచింది ఆ పరుగుతోనే. చూశావా, ముందు వెనక మంచివాళ్ళుంటే కోల్బర్ట్ పరుగు గెలుపు పరుగవుతుంది. పాడ్రేస్‌లో అదే మనిషి చేసే పరుగు 3-6 ఓటమిలో మూడోదవుతుంది.

రామారావు: నా బాధ కూడా అదేగా! ఆట ఆడేది గెలవడానికి. మూడోదైన పరుగుని మనం ఇన్నేళ్ళ తర్వాత పూజించడం ఏమిటి?

సూర్యం: 1999లో చెన్నైలో టెండూల్కర్ 136 కొట్టాడు. పాకిస్తాన్ మీద 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ 136 నీ లెక్కలో సున్నాయేనా?

రామారావు: ఆ ఆట సంగతి ఎత్తకు. ఆ 136 తలుచుకుంటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది గానీ పండగలా ఉండదు. నువ్వేమో కోల్బర్ట్ లెక్కల్ని పండగలా చెబుతున్నావు. తేడా అక్కడ.

(ఇక్కడ సూర్యం దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

సూర్యం: సరే, బంతి వేసేవాళ్ళ సంగతి చూద్దాం. 1971లో డేవ్ రాబర్ట్స్ అని ఎడమ చేతి పిచర్. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.10 పరుగులు ఇచ్చాడు. లీగ్ మొత్తంలో ఆయన కన్నా తక్కువ ఇచ్చింది ఒక్క సీవరే, 1.76. సీవర్ 20 గెలిచి 10 ఓడాడు. మరి రాబర్ట్స్?

రామారావు: 14 గెలిచి 17 ఓడాడు. చూశాను.

సూర్యం: రెండు పరుగులిచ్చి కూడా పదిహేడు సార్లు ఓడాడంటే తప్పెవరిది?

రామారావు: జట్టుది. ఆయన తప్పని నేనన్నానా? కానీ ఏం చేశారు మీవాళ్ళు? ఆ సీజన్ అవగానే హ్యూస్టన్‌కి ఇచ్చేసి ముగ్గురు కుర్రాళ్ళని తెచ్చుకున్నారు. మీరు మొనగాళ్ళని మెచ్చుకుంటూ కూర్చుంటారు, యాజమాన్యం వాళ్ళని చిల్లరగా మారుస్తుంది. అందుకే నేనంటాను, ఓడే జట్టులో మొనగాడి కథ యాజమాన్యానికి మంచి ముసుగు. జనం కోల్బర్ట్‌ని చూస్తారు, ఖాతాపుస్తకాలు చూడరు.

సూర్యం: అప్పటి యజమాని ఆర్న్‌హోల్ట్ స్మిత్‌నేనా నువ్వనేది?

రామారావు: ఇంకెవరు! ఆయన బ్యాంకు 1973 అక్టోబరులో కూలింది. అప్పటికి అమెరికాలో అంత పెద్ద బ్యాంకు కూలడం అదే మొదలు. జట్టుని వాషింగ్టన్ వాళ్ళకి అమ్మేయబోయాడు. ఆటగాళ్ళ బొమ్మల కార్డులు అచ్చేసేవాళ్ళు 1974 కార్డుల్లో కొన్నిటి మీద వాషింగ్టన్ అని వేసేశారు కూడా. అలాంటి ఇంట్లో కాపురం చేసిన కోల్బర్ట్ మీద నాకు జాలే గాని కోపం లేదు.

సూర్యం: మరి ఇంతసేపూ ఆముదం చెట్టు అన్నావు?

రామారావు: చెట్టునేం అనలేదు. దాన్ని మహావృక్షం అన్నవాళ్ళని అన్నాను.

సూర్యం: తప్పించుకోవడం నీ తర్వాతే ఎవరైనా. సరే, మన పిచర్ క్లే కిర్బీ సంగతి తేలుద్దాం. 1970 జులై 21, శాన్ డియేగో స్టేడియం. (తర్వాతి రోజుల్లో ఈ స్టేడియానికి క్వాల్‌కామ్ పేరు పెట్టారు. ఆ కంపెనీలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు గనక తెలుగు ఇళ్ళల్లో ఆ పేరు బాగా తెలుసు. ఇప్పుడా కట్టడం లేదు, కూల్చేశారు.) అవతల న్యూయార్క్ మెట్స్, అంతకు ముందు ఏడు ప్రపంచ ఛాంపియన్లు. కిర్బీకి 22 ఏళ్ళు. మొదటి ఇన్నింగ్స్‌లో మెట్స్ ఒక్క హిట్ కూడా లేకుండానే ఒక పరుగు సంపాదించారు. బంతులు గీతలో పడక ఊరికే ఇచ్చిన బేసులు, ఆపైన బేసుల దొంగతనం, నేల మీద దొర్లిన ఒక బంతి. అంతే, 1-0. ఆ తర్వాత కిర్బీ ఎనిమిది ఇన్నింగ్స్ దాకా ఎవరికీ హిట్ ఇవ్వలేదు. ఇంకొక్క ఇన్నింగ్స్ అలా వేస్తే నో-హిట్టర్. పిచర్ జీవితంలో ఒకసారి వస్తే గొప్ప. అలాంటి సమయంలో మేనేజర్ ప్రెస్టన్ గోమెజ్ ఏం చేశాడు? ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగంలో కిర్బీ బ్యాటింగ్ వంతు రాగానే ఆయన్ని కూర్చోబెట్టి వేరేవాణ్ణి పంపాడు!

రామారావు: సరిగ్గా చేశాడు.

సూర్యం: బావా!

రామారావు: అరవకు, నీ కోడలు లేస్తుంది. నియమం ఏమిటి? ఆ రోజుల్లో ఆ లీగ్‌లో పిచర్ కూడా బ్యాటింగ్ చెయ్యాలి. అతని బదులు ఒకణ్ణి పంపితే ఇక అతను ఆటలోకి రాకూడదు. జట్టు ఒక్క పరుగు వెనక ఉంది. చేతిలో ఆరు ఔట్లకి మించి లేవు. పిచర్ బ్యాటు పట్టుకుంటే ఏమవుతుందో నీకూ తెలుసు నాకూ తెలుసు. గోమెజ్ పంపింది ఎవర్ని?

సూర్యం: సీటో గాస్టన్‌ని.

రామారావు: ఆ ఏడు గాస్టన్ సగటు 318. 29 హోమ్ రన్లు. ఆల్ స్టార్. ఆ జట్టులో ఆ ఏడు అంతకన్నా నమ్మదగ్గ బ్యాటు ఇంకోటి లేదు. నీ మొనగాళ్ళ జాబితాలో ఆయన పేరు కూడా ఉండాలి కదా? ఒక మొనగాణ్ణి దింపి ఇంకో మొనగాణ్ణి పంపాడు. మేనేజర్ చెయ్యాల్సింది అదే.

సూర్యం: గాస్టన్ స్ట్రైక్ ఔట్ అయ్యాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి జాక్ బాల్డ్‌షన్‌ని తెచ్చారు. ఆయన బంతికి బడ్ హారెల్సన్ హిట్ కొట్టాడు. నో-హిట్టర్ పోయింది, ఆట 3-0తో పోయింది. రెండిట్లో ఏదీ దక్కలేదు.

రామారావు: ఫలితం చూసి నిర్ణయాన్ని తిట్టకూడదు. గాస్టన్ బంతిని బయటికి కొట్టి ఉంటే నువ్వే గోమెజ్‌ని మెచ్చుకునేవాడివి.

సూర్యం: నేను ఫలితం చూసి అనట్లేదు. వచ్చిన పదివేల మంది గాస్టన్ ఔటవకముందే, కిర్బీని దింపడం చూసే అరిచారు. వాళ్ళకి తెలుసు, తమ జట్టు ఆ ఏడు ఏమీ గెలవదని. చివరికి 63 గెలిచి 99 ఓడింది. 98కి 99కి తేడా ఏమిటి? గెలవడానికి ఏమీ మిగలని ఊరికి ఒక్క రాత్రి, ఒక్క కుర్రాడి పేరు చరిత్రలో ఉండేది. దాన్ని లాక్కున్నాడు. పాడ్రేస్ ఆ తర్వాత ఎంతకాలం ఆగారో తెలుసా? 2021 ఏప్రిల్ 9 దాకా! జో మస్‌గ్రోవ్ వేశాడు. అప్పటికి మేజర్ లీగ్‌లో నో-హిట్టర్ లేని జట్టు ఇదొక్కటే. జట్టు పుట్టిన యాభై రెండేళ్ళకి.

రామారావు: మస్‌గ్రోవ్ ఈ ఊరివాడేగా?

సూర్యం: పక్కనే ఎల్ కాహోన్. చిన్నప్పటి నుంచి పాడ్రేస్ అభిమాని.

రామారావు: చూడు, కాలమే సరిచేసింది. నువ్వు మరిచిపోతున్నది ఒకటుంది. నాలుగేళ్ళ తర్వాత గోమెజ్ హ్యూస్టన్ మేనేజర్. అక్కడ డాన్ విల్సన్ ఎనిమిది ఇన్నింగ్స్ హిట్ లేకుండా వేసి 2-1తో వెనకబడి ఉన్నాడు. గోమెజ్ మళ్ళీ అదే చేశాడు. విల్సన్ అంతకు ముందే రెండు నో-హిట్టర్లు వేసినవాడు, ఊరూ పేరూ లేని కుర్రాడు కాదు. అంటే ఈయనకి ఎదుటివాడెవడైనా ఒకటే న్యాయం. గెలవడానికి ప్రయత్నించడం మానేసిన రోజు ఆట ఎందుకు? ఓడే జట్టుకి ఇలాంటి మేనేజరే కావాలి. మాకు గెలుపు ఎలాగూ లేదు, రికార్డులైనా ఉండనీ అనుకున్న జట్టు ఇంకో యాభై ఏళ్ళు ఓడుతూనే ఉంటుంది.

(నన్నడిగితే ఇక్కడ రామారావుదే న్యాయం. సూర్యంతో ఈ మాటంటే ఇంటికి రానివ్వడు గనక ఆ పూట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. కిర్బీకి జరిగింది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 43 ఏళ్ళకే పోయాడాయన. అయినా 1-0 అంటే అందగల ఆట. 99 ఓటముల్లో ఒకటి తగ్గించడానికి ప్రయత్నించినవాణ్ణి దొంగ అనడం నాకు నచ్చదు.)

సూర్యం: మరి 1972 స్టీవ్ ఆర్లిన్ సంగతేమంటావు? అక్కడ మేనేజర్ డాన్ జిమ్మర్. ఫిలడెల్ఫియా మీద తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు పడ్డాయి, ఒక్క ఔట్ చాలు నో-హిట్టర్‌కి. జట్టు ముందంజలోనే ఉంది. జిమ్మర్ మూడో బేస్ మనిషిని బంటు వస్తుందేమోనని ముందుకి రమ్మన్నాడు. డెనీ డోయల్ కొట్టిన బంతి నేలకి తగిలి లేచి ఆ మనిషి తల మీదుగా పోయింది. తన చోట తాను నిలబడి ఉంటే చేతిలోకి వచ్చే బంతి!

రామారావు: అది తప్పే. దానికి నేను వకాల్తా పుచ్చుకోను. ఆట గెలిచారా?

సూర్యం: 5-1.

రామారావు: ఇంకేం!

సూర్యం: ఇంకేం అంటావేంటి! ఆర్లిన్ ఆ ఏడు 10 గెలిచి 21 ఓడాడు. తర్వాత ఇదే ఊళ్ళో పళ్ళ డాక్టరయ్యాడు. వాళ్ళ తాతగారు హారొల్డ్ ఆర్లిన్, 1921లో పిట్స్‌బర్గ్‌లో మొట్టమొదటిసారి రేడియోలో బేస్‌బాల్ వ్యాఖ్యానం చెప్పిన మనిషి. అలాంటి వంశంలో ఒక నో-హిట్టర్ ఉండాల్సింది.

రామారావు: వంశాన్ని బట్టి బంతి దొర్లదు బావా. రాండీ జోన్స్ దగ్గరికి రా. నాకు ఆ మనిషంటే ఇష్టం. ఎందుకంటే ఆయన లెక్క రెండువైపులా ఉంది. 1974లో 8 గెలిచి 22 ఓడాడు. మరుసటి ఏడు 20 గెలిచి 12 ఓడాడు. అదే జట్టు, అదే మనిషి.

సూర్యం: వేగం లేని పిచర్. ఎడమ చేత్తో మెల్లగా వేస్తాడు, బంతి బ్యాటు దగ్గరికొచ్చేసరికి కిందికి జారుతుంది. కొట్టినవాడు నేల మీదికే కొట్టాలి. టకటకా ఔట్లు పడేవి, ఆట త్వరగా అయిపోయేది. 1975లో లీగ్‌లో అందరికన్నా తక్కువ పరుగులిచ్చింది ఆయనే, 2.24. 1976లో ఆల్ స్టార్ విరామానికే 16 గెలిచి 3 ఓడాడు. వరుసగా 68 ఇన్నింగ్స్ ఎవరికీ ఊరికే బేస్ ఇవ్వలేదు. ఆ ఏడు 22 గెలుపులు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. జట్టుదేమో 73 గెలుపులే. ఇప్పుడు చెప్పు, ఇది ఆముదం చెట్టా?

రామారావు: కాదు. కానీ ఎలా వాడుకున్నారో చూడు. రెండేళ్ళలో 600 ఇన్నింగ్స్. 1976లో 40 ఆటలు మొదలుపెట్టాడు, 25 తనే ముగించాడు. ఆ సీజన్ చివర్లో చేతి నరం తెగింది. ఆ తర్వాత మళ్ళీ ఓటముల కన్నా గెలుపులు ఎక్కువైన సీజన్ లేదు. కెరీర్ మొత్తం 100 గెలుపులు, 123 ఓటములు. బలహీనమైన జట్టు ఇలాగే ఉన్న ఒక్కణ్ణీ పిండేస్తుంది.

సూర్యం: ఇక్కడ నీ ఆడిట్ తప్పింది. అవే రెండేళ్ళలో బాల్టిమోర్ జిమ్ పాల్మర్ ఎన్ని వేశాడు? 1975లో 323, 1976లో 315. జోన్స్ కన్నా ఎక్కువ. బాల్టిమోర్ ఓడే జట్టు కాదు. ఆ రోజుల్లో అందరూ అలాగే వేయించేవారు. పాల్మర్ చెయ్యి నిలబడింది, జోన్స్ చెయ్యి నిలబడలేదు. దానికి జట్టు ఓటమిని ముద్దాయిని చెయ్యడం నీకు తగదు.

రామారావు: ...పాల్మర్ లెక్క నేను చూడలేదు.

సూర్యం: చూడవు. నీ వాదనకి పనికిరాని కాగితం నువ్వు ఫైల్లోంచి తియ్యవు.

రామారావు: సరే, ఆఖరి మాట. మొనగాళ్ళ వల్ల జట్టుకి జనం వస్తారంటారుగా. 1972లో కోల్బర్ట్ 38 కొట్టాడు, ఆ అయిదూ కొట్టాడు. ఇంటి ఆటలకి ఏడాది మొత్తం వచ్చినవాళ్ళు 6 లక్షల 44 వేలు. 1974లో కోల్బర్ట్ నడుము నొప్పితో 14 దగ్గర ఆగిపోయాడు. జట్టు 60 గెలిచి 102 ఓడింది, 1973లో కూడా సరిగ్గా అంతే. మరి జనం? మొదటిసారి 10 లక్షలు దాటారు. ఏం మారింది? యజమాని మారాడు. మెక్‌డొనాల్డ్స్ రే క్రాక్ కొన్నాడు. మొదటి ఇంటి ఆట రోజునే, ఓడుతుంటే చూడలేక మైకు లాక్కుని తన ఆటగాళ్ళనే స్టేడియం అంతా వినబడేలా తిట్టాడు. ఇంత తెలివితక్కువ ఆట ఎప్పుడూ చూడలేదన్నాడు. జనానికి నచ్చింది! అంటే ఊరు కోల్బర్ట్‌ని చూడ్డానికి రాలేదు. ఈ జట్టు ఇక్కడే ఉంటుంది, దీన్ని పట్టించుకునేవాడు ఒకడొచ్చాడు అని నమ్మకం కలిగాక వచ్చింది.

సూర్యం: ఆ తిట్లు నీకు బాగున్నాయా?

రామారావు: బాగాలేవు. జీతానికి ఆడేవాళ్ళని నలభై వేల మంది ముందు అలా అనకూడదు. తర్వాత క్షమాపణ చెప్పాడులే. నేను చెప్పేది జనం సంగతి.

సూర్యం: జనం సంగతి నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు వచ్చేదాకా ఆ ఖాళీ కుర్చీల ముందు అయిదేళ్ళు ఆడింది ఎవరు? 1973లో విన్‌ఫీల్డ్ అని ఒక కాలేజీ ఆటగాణ్ణి తీసుకున్నప్పుడు ఆయన వెనక బాస్కెట్‌బాల్ వాళ్ళు, ఫుట్‌బాల్ వాళ్ళు కూడా పడ్డారు. కాలేజీ నుంచి నేరుగా ఈ జట్టుకే వచ్చాడు, చిన్న లీగుల్లో ఒక్క రోజు ఆడలేదు.

రామారావు: 1980 కాగానే న్యూయార్క్ యాంకీస్‌కి పోయాడు.

సూర్యం: పోయాడు. 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళేటప్పుడు మాత్రం ఫలకం మీద ఏ టోపీ ఉంది? పాడ్రేస్‌ది. ఆ టోపీతో వెళ్ళిన మొదటివాడు ఆయనే.

(ఇద్దరూ ఎత్తని సంగతి ఒకటుంది, అసలు దోషం అక్కడిదని నా నమ్మకం. 1968 అక్టోబరులో ఈ కొత్త జట్టుకి ఆటగాళ్ళని ఇచ్చినప్పుడు పాత జట్లు ఒక్కొక్కటీ ముందుగా 15 మందిని దాచుకున్నాయి, ఒక్కో రౌండు తర్వాత ఇంకో ముగ్గుర్ని. మిగిలినవాళ్ళలోంచి 30 మందిని ఏరుకున్నందుకు పాడ్రేస్ తలకి 2 లక్షల డాలర్లు కట్టారు, లీగ్‌లో చేరడానికి కట్టిన రుసుము కాక. కోల్బర్ట్ అలా హ్యూస్టన్ వద్దనుకోగా దొరికినవాడు. పదిమంది వదిలేసిన సరుకుని ఇంత ధరకి అమ్మి, ఆరేళ్ళు అడుగున ఉన్నారని నవ్వడం లీగ్‌కి చెల్లింది. అందులోంచి 163 హోమ్ రన్లు తీసినవాణ్ణి ఆముదం చెట్టు అనడానికి రామారావుకి హక్కు లేదు.)

పాడ్రేస్ తరఫున కోల్బర్ట్ కొట్టిన 163 హోమ్ రన్లని ఆ జట్టు తర్వాతి కాలపు మొనగాడు టోనీ గ్విన్ కూడా దాటలేదు. 2024లో మానీ మచాడో దాటాడు. కోల్బర్ట్ అది చూడలేదు, 2023 జనవరిలో చనిపోయాడు. పాడ్రేస్ తమ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌ని 1999లో మొదలుపెట్టినప్పుడు తొలి విడత ముగ్గురి పేర్లు చేర్చారు. నేట్ కోల్బర్ట్, రాండీ జోన్స్, మైకులో తిట్టిన రే క్రాక్.